సైన్స్ వార్త రాయడం ఎలా: పేపర్ చేతికొచ్చిన దగ్గర్నుంచి అచ్చయ్యాక దిద్దుబాటు దాకా

సైన్స్ జర్నలిజంలోకి రావాలనుకునేవాళ్ళు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. సైన్స్ డిగ్రీ ఉండాలా? పరిశోధనా పేపర్ అర్థం కాకపోతే ఏం చేయాలి? శాస్త్రవేత్తలు ఫోన్ ఎత్తుతారా? మొదటి స్టోరీ ఎవరికి పంపాలి? ఒక్కోదానికి విడిగా జవాబు చెప్పే బదులు, ఒక వార్త దొరికినప్పటి నుంచి అచ్చయిన తర్వాత దాకా ఏ పని తర్వాత ఏ పని చేయాలో వరుసగా రాస్తున్నాను. ఉద్యోగం, ఫ్రీలాన్స్ సంగతులు చివర్లో ఉన్నాయి.

ఈ పని అంతటికీ ఒకే కొలత పెట్టుకోండి: సాక్ష్యానికి ఎంత బలముందో మీ వాక్యానికి అంతే బలం ఉండాలి. కింద చెప్పిన పనులన్నీ ఆ బలాన్ని కొలవడానికే.

## 1. మొదలుపెట్టే ముందు

1.1 చదువు

సైన్స్ డిగ్రీ తప్పనిసరి కాదు. భౌతికశాస్త్రం చదివి వచ్చిన మంచి విలేకరులు ఉన్నారు, చరిత్ర చదివి వచ్చినవాళ్ళూ ఉన్నారు. సైన్స్ చదివినవాళ్ళకు పేపర్ అంటే బెదురు ఉండదు, కానీ పాఠకుడికి ఏది తెలియదో వాళ్ళు త్వరగా మర్చిపోతారు. మిగతావాళ్ళకు పాఠకుడి కష్టం తెలుసు, పేపర్‌లోని పట్టికలే కొరుకుడు పడవు. ఎవరికి ఏది లోటో వాళ్ళు అది నేర్చుకోవాలి.

స్టాటిస్టిక్స్ మాత్రం ఎవరికైనా తప్పదు. లెక్కలు చేయగలగాల్సిన పని లేదు, చూసి అర్థం చేసుకోగలిగితే చాలు. కనీసం ఇవి తెలియాలి:

- సగటుకూ మధ్యస్థానికీ తేడా
- శాతానికీ శాతం పాయింటుకూ తేడా
- సాపేక్ష రిస్క్ (ముందున్నదానికన్నా ఎంత శాతం లేదా ఎన్ని రెట్లు మారింది), అసలు రిస్క్ (ఎంతమందిలో ఎంతమందికి)
- పి-విలువ (4.4లో చూడండి), కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ (అంచనా ఎంత నుంచి ఎంత దాకా ఉండొచ్చో చెప్పే హద్దులు)
- రాండమైజ్డ్ ట్రయల్‌కూ (ఎవరు ఏ గుంపులో ఉండాలో లాటరీ పద్ధతిలో నిర్ణయించే ప్రయోగం), ఊరికే గమనించి చేసిన అధ్యయనానికీ తేడా

1.2 బీట్ (మీరు రాసే రంగం)

అంతరిక్షం, వైద్యం, వాతావరణం, కృత్రిమ మేధ అన్నీ ఒకేసారి రాయాలని చూడకండి. ఒకటి, మహా అయితే రెండు రంగాలు పట్టుకోండి. ఒకే రంగంలో వచ్చే పేపర్లను కొన్ని నెలలు వదలకుండా చదివితే ఏది పాత సంగతో, ఏది నిజంగా కొత్తదో తెలుస్తుంది. ఎవరు ఎవరితో విభేదిస్తారో కూడా అర్థమవుతుంది.

1.3 చేతిలో ఉండాల్సినవి

- పరిశోధనల ప్రెస్ రిలీజ్‌లు దొరికే వెబ్‌సైటు యురేకఅలర్ట్‌లో విలేకరి ఖాతా. అమెరికా సైన్స్ సంఘం ఏఏఏఎస్ దీన్ని 1996 నుంచి నడుపుతోంది.
- మీ రంగంలోని నాలుగైదు జర్నళ్ళ ప్రెస్ జాబితాల్లో పేరు
- ప్రీప్రింట్ల (జర్నల్ పరిశీలన జరగకముందే బయట పెట్టిన పేపర్ల) కోసం ఆర్కైవ్, బయోఆర్కైవ్, మెడ్‌ఆర్కైవ్
- పేపర్ వెనక్కి తీసుకున్నారో లేదో చూడటానికి రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్. పేపర్ మీద ఇతర శాస్త్రవేత్తలు లేవనెత్తిన అనుమానాల కోసం పబ్‌పీర్.
- వైద్య ట్రయల్స్ కోసం క్లినికల్‌ట్రయల్స్ డాట్ గవ్ లాంటి రిజిస్ట్రీ
- మీ రంగంలోని శాస్త్రవేత్తల పేర్లు, వాళ్ళు దేని మీద పని చేస్తారో రాసుకున్న ఒక ఫైలు. మొదటి రోజు నుంచే రాసుకోండి, పదేళ్ళ తర్వాత మీ దగ్గరున్న అన్నిటికన్నా విలువైన ఆస్తి అదే.

## 2. వార్త ఎక్కడి నుంచి వస్తుంది

2.1 ఎంబార్గో

పెద్ద జర్నళ్ళు పేపర్లను కొన్ని రోజుల ముందే విలేకరులకు ఇస్తాయి. చెప్పిన గంట వచ్చేదాకా ప్రచురించకూడదు, అదే ఎంబార్గో. నేచర్ జర్నల్ పేపర్లకు మామూలుగా లండన్ సమయం ప్రకారం బుధవారం సాయంత్రం 4 గంటలు, సైన్స్ అనే జర్నల్ పేపర్లకు అమెరికా తూర్పు తీర సమయం ప్రకారం గురువారం మధ్యాహ్నం 2 గంటలు.

ఈ ముందస్తు రోజులు పేపర్ చదవడానికి, బయటివాళ్ళతో మాట్లాడడానికి ఇచ్చినవి. వ్యాఖ్య కోసం ఇంకో శాస్త్రవేత్తకు పేపర్ చూపించడాన్ని చాలా జర్నళ్ళు ఒప్పుకుంటాయి, ఆయన కూడా ఎంబార్గో పాటించాలన్న షరతు మీద. ముందు ఆయన ఒప్పుకోలు తీసుకుని, ఆ తర్వాతే కాపీ పంపండి.

ఇక్కడ తరచూ జరిగే పొరపాట్లు రెండు. ఒకటి, టైమ్ జోన్ లెక్క. లండన్‌లో, అమెరికాలో వేసవికి గడియారాలు గంట ముందుకు జరుపుతారు, అదీ వేర్వేరు తేదీల్లో. అందుకే ఎంబార్గో గంటను మీ సమయంలోకి మార్చి ఫైలు పైనే రాసిపెట్టండి. రెండోది, ఎంబార్గోలో ఉన్న పేపర్‌ను చాట్‌బాట్‌లలోకి ఎక్కించి సారాంశం అడగడం. ఎంబార్గో పెట్టిన పత్రాన్ని బయటి సంస్థ సర్వర్‌కు ఇచ్చినట్టే అవుతుంది. చేయకండి.

గడువు దాటకముందే ప్రచురిస్తే జర్నల్ మిమ్మల్నీ, మీ సంస్థనీ జాబితా నుంచి తీసేయవచ్చు.

2.2 ప్రెస్ రిలీజ్‌ను ఎంతవరకు నమ్మాలి

ప్రెస్ రిలీజ్ పని మీకు కబురు అందించడం. ఆధారం మాత్రం పేపరే.

2014లో బ్రిటిష్ వైద్య జర్నల్ బీఎంజేలో వచ్చిన ఒక అధ్యయనం 20 బ్రిటిష్ విశ్వవిద్యాలయాలు వైద్య, ఆరోగ్య పరిశోధనల మీద విడుదల చేసిన 462 ప్రెస్ రిలీజ్‌లను అసలు పేపర్లతో పోల్చింది. జంతువుల మీద జరిగిన పరిశోధనలను మనుషులకు అతిగా వర్తింపజేసినవి 36 శాతం. సంబంధం మాత్రమే కనిపించిన చోట కారణమని అతిగా చెప్పినవి 33 శాతం. ప్రెస్ రిలీజ్‌లో కారణం అంటగట్టినప్పుడు, వార్తల్లో 81 శాతం కూడా అదే చేశాయి. ప్రెస్ రిలీజ్ జాగ్రత్తగా ఉన్నప్పుడు ఆ సంఖ్య 18 శాతమే. అంటే వార్తల్లో కనిపించే అతిశయోక్తిలో చాలా భాగం మన బల్ల మీదికి రాకముందే మొదలవుతోంది. దాన్ని ఆపగలిగే చివరి మనిషి విలేకరే.

2.3 ప్రీప్రింట్

పీర్ రివ్యూ, అంటే అదే రంగంలోని ఇతర శాస్త్రవేత్తల పరిశీలన, జరగకముందే బయట పెట్టిన పేపర్ ఇది. రాయకూడదని లేదు, కానీ ఆ మాట వార్త మొదటి రెండు పేరాల్లోనే చెప్పాలి. 2023 జులైలో దక్షిణ కొరియా బృందం ఒకటి ఎల్‌కే-99 అనే పదార్థం గది ఉష్ణోగ్రతలోనే సూపర్‌కండక్టర్‌గా (విద్యుత్తుకు ఏ అడ్డూ లేకుండా) పనిచేస్తుందని ఆర్కైవ్‌లో పెట్టింది. ప్రపంచమంతా హోరెత్తింది. కొద్ది వారాల్లోనే ఇతర ప్రయోగశాలలు ఆ ఫలితం తమకు రాలేదని చెప్పాయి. మొదట కనిపించిన వింత లక్షణాలకు అందులోని కాపర్ సల్ఫైడ్ మలినం కారణమని చూపించాయి. మొదటి రోజే "ఇంకా ఎవరూ తిరిగి చేసి చూడలేదు" అని రాసిన విలేకరులకు ఆ తర్వాత ఏమీ దిద్దుకోవాల్సిన అవసరం రాలేదు.

## 3. పేపర్ చదివే వరుస

కొత్తవాళ్ళు పేపర్‌ను నవల చదివినట్టు మొదటి పేజీ నుంచి మొదలుపెట్టి, మూడో పేజీలో ఆగిపోతారు. ఈ వరుసలో చదవండి.

3.1 సారాంశం. ఒక్కసారి చదివి, రచయితలు ఏం తేలిందంటున్నారో మీ మాటల్లో ఒక వాక్యం రాసుకోండి. చివర్లో దీన్ని మళ్ళీ చూడాలి.

3.2 పద్ధతులు. ఎక్కువ సమయం ఇక్కడే గడపండి. ఒక కాగితం తీసుకుని ఈ ప్రశ్నలకు జవాబులు రాయండి:

- ఎవరి మీద చేశారు? మనుషులా, ఎలుకలా, గాజు పళ్ళెంలో కణాలా, కంప్యూటర్ మోడలా?
- ఎంతమంది? మధ్యలో ఎంతమంది మానేశారు?
- దేనితో పోల్చారు? పోలికకు ఒక గుంపు అసలుందా?
- ఎవరు ఏ గుంపులో ఉండాలో లాటరీ పద్ధతిలో నిర్ణయించారా?
- ఏం కొలిచారు? ఎన్ని కొలిచారు?
- ఎంతకాలం గమనించారు?

"ఏం కొలిచారు" అన్నది చాలామంది దాటేసే ప్రశ్న. గుండెపోటు వచ్చినవాళ్ళలో లయ తప్పిన గుండె చప్పుళ్ళను కొన్ని మందులు బాగా తగ్గించేవి. ప్రాణాలూ కాపాడతాయని వైద్యులు నమ్మారు. 1980ల చివర్లో కాస్ట్ అనే ట్రయల్ నేరుగా మరణాలనే లెక్కపెట్టింది. ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ మందులు తీసుకున్నవాళ్ళు డమ్మీ మాత్ర తీసుకున్నవాళ్ళకన్నా ఎక్కువమంది చనిపోయారు. రక్తపరీక్షలో అంకె మారడం, స్కాన్‌లో మచ్చ తగ్గడం, మనిషి బతకడం మూడూ వేర్వేరు సంగతులు. పేపర్ ఏది కొలిచిందో వార్తలో అదే రాయాలి.

"ఎన్ని కొలిచారు" కూడా అంతే ముఖ్యం. 2015లో జాన్ బొహానన్ అనే సైన్స్ విలేకరి, మరికొందరితో కలిసి, చాక్లెట్ తింటే బరువు త్వరగా తగ్గుతారని ఒక అధ్యయనం చేసి జర్నల్‌లో అచ్చు వేయించాడు. ప్రయోగం నిజంగానే చేశారు, కాకపోతే 15 మంది మీద, 18 రకాల కొలతలతో. అన్ని కొలిస్తే ఏదో ఒకటి కాకతాళీయంగానే "ప్రాధాన్యం ఉన్న ఫలితం"గా తేలే అవకాశం సుమారు 60 శాతం. చాలా దేశాల్లో పత్రికలు ఆ వార్త వేశాయి. బలహీనమైన పరిశోధన ఎంత సులువుగా వార్త అవుతుందో చూపించడానికే ఇలా చేశామని ఆయన తర్వాత బయటపెట్టాడు. ఎంతమంది మీద చేశారని అడిగి ఉంటే వార్త అక్కడే ఆగిపోయేది.

3.3 పటాలు, పట్టికలు. గ్రాఫ్ నిలువు గీత సున్నా నుంచి మొదలైందా చూడండి. లేకపోతే చిన్న తేడా కొండంత కనిపిస్తుంది.

3.4 పరిమితులు. చర్చ భాగం చివర్లో రచయితలే తమ పని లోపాలు ఒప్పుకుంటారు. అందులో కనీసం ఒకటి మీ వార్తలోకి రావాలి.

3.5 డబ్బు ఎవరిది. నిధులు ఇచ్చినవారు, రచయితల ఆర్థిక ప్రయోజనాలు చివరి పేజీల్లో ఉంటాయి. అక్కడ ఏమీ రాయలేదంటే ఏమీ లేదని అర్థం కాదు. 1998లో లాన్సెట్ అనే వైద్య జర్నల్‌లో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ బృందం 12 మంది పిల్లల మీద, పోలిక గుంపు లేకుండా, ఎంఎంఆర్ టీకాకూ (తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా రాకుండా పిల్లలకు వేసేది) ఆటిజంకూ సంబంధం ఉండొచ్చని సూచిస్తూ పేపర్ వేసింది. టీకా కంపెనీల మీద దావా సిద్ధం చేస్తున్న లాయర్ల వైపు నుంచి ఆయనకు డబ్బు అందిన సంగతిని 2004లో బ్రయన్ డీర్ అనే విలేకరి బయటపెట్టాడు. లాన్సెట్ ఆ పేపర్‌ను పూర్తిగా వెనక్కి తీసుకుంది 2010లో. ఈ లోపు ఎందరో తల్లిదండ్రులు టీకా వేయించడానికి భయపడ్డారు.

3.6 రిజిస్ట్రీ. వైద్య ట్రయల్ అయితే మొదలుకాక ముందు ఏం కొలుస్తామని రిజిస్టర్ చేశారో, పేపర్‌లో ఏది ముఖ్య ఫలితంగా చూపించారో పోల్చండి. రెండూ వేరైతే ఎందుకని రచయితలను అడగండి. ఆ జవాబులోనే కొన్నిసార్లు అసలు స్టోరీ ఉంటుంది.

ఇప్పుడు మొదట రాసుకున్న వాక్యాన్ని మళ్ళీ చదవండి. ఇంకా అలాగే రాయగలరా? చాలాసార్లు దాన్ని కొంత తగ్గించి రాయాల్సి వస్తుంది.

పేపర్ కొనాల్సి వస్తే ఆగిపోకండి. పేపర్ మీద ఈమెయిల్ చిరునామా ఇచ్చిన రచయితకు రాస్తే దాదాపు అందరూ కాపీ పంపుతారు.

## 4. అంకెలను పాఠకుడి దగ్గరికి తేవడం

సైన్స్ వార్త వల్ల మనుషులకు హాని జరిగిందంటే చాలావరకు అది అంకెల దగ్గరే జరుగుతుంది. అందుకే ఈ భాగాన్ని కొంచెం నిదానంగా చదవండి.

4.1 "రెట్టింపు" దేనికి రెట్టింపు?

1995 అక్టోబరులో బ్రిటన్‌లో మందుల భద్రతా కమిటీ ఒక హెచ్చరిక ఇచ్చింది: మూడో తరం గర్భనిరోధక మాత్రల వల్ల రక్తం గడ్డకట్టే రిస్క్ రెట్టింపు అవుతుందని. అసలు లెక్క చూస్తే, పాత మాత్రలు వాడే 7,000 మందిలో ఒకరికి ఆ సమస్య వచ్చేది, కొత్త మాత్రలతో 7,000 మందిలో ఇద్దరికి. ప్రకటనలో, వార్తల్లో ప్రముఖంగా వచ్చింది మాత్రం "రెట్టింపు". ఎందరో మహిళలు భయంతో మాత్రలు మానేశారు. ఆ మరుసటి సంవత్సరం ఇంగ్లండ్, వేల్స్‌లలో సుమారు 13,000 గర్భస్రావాలు అదనంగా జరిగాయని అంచనా. గర్భం వల్ల రక్తం గడ్డకట్టే రిస్క్ ఆ మాత్రల వల్ల వచ్చేదానికన్నా ఎక్కువ.

దీన్ని ఇలా సరిచేయాలి:

1. పేపర్‌లో "ఇంత శాతం పెరిగింది" అని ఉంటే, మొదట ఎంత ఉండేదో వెతకండి.
2. రెండు అంకెలనూ ఒకే సంఖ్యలో మనుషులకు మార్చండి: "7,000 మందిలో ఒకరు", "7,000 మందిలో ఇద్దరు".
3. కాలం చెప్పండి. ఏడాదిలోనా, జీవితకాలంలోనా?
4. మొదటి అంకె పేపర్‌లో లేకపోతే రచయితను అడగండి. ఆయన దగ్గర కూడా లేకపోతే శాతాన్ని హెడ్డింగ్‌లో పెట్టకండి.

4.2 ప్రమాదకర వస్తువు వేరు, ఎంత ప్రమాదమన్నది వేరు

2015లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ ప్రాసెస్ చేసిన మాంసాన్ని గ్రూప్ 1లో చేర్చింది. పొగాకు కూడా అదే గ్రూపులో ఉంది. దాంతో రెండూ సమానంగా ప్రమాదకరమన్నట్టు వార్తలు వచ్చాయి. క్యాన్సర్ కలిగిస్తుందనడానికి సాక్ష్యం ఎంత గట్టిగా ఉందో ఆ గ్రూపు చెబుతుంది. ఎంతమందికి కలిగిస్తుందో చెప్పదు. రోజుకు 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ రిస్క్ 18 శాతం పెరుగుతుందని ఆ సంస్థ అంది. జీవితకాలంలో 100 మందిలో 5 మందికి ఆ క్యాన్సర్ వచ్చే చోట అది 6 మందికి దగ్గరగా అవుతుంది. ఈ లెక్క ఇస్తే ఏం చేయాలో పాఠకుడే నిర్ణయించుకోగలడు.

4.3 బతికిన ఏళ్ళ లెక్క

స్క్రీనింగ్ పరీక్షల (లక్షణాలు లేనివాళ్ళలో జబ్బును ముందే పట్టుకోవడానికి చేసేవి) వార్తల్లో "ఐదేళ్ళు బతికేవారి శాతం పెరిగింది" అన్న మాట కనిపిస్తే ఆగండి. ఒకాయనకు 69 ఏళ్ళకు జబ్బు బయటపడి 72 ఏళ్ళకు చనిపోతాడనుకుందాం, బతికింది మూడేళ్ళు. అదే జబ్బు స్క్రీనింగ్‌లో 63 ఏళ్ళకే బయటపడి, 72 ఏళ్ళకే చనిపోయినా, బతికింది తొమ్మిదేళ్ళు అవుతుంది. ఆయన ఒక్క రోజు కూడా ఎక్కువ బతకలేదు, లెక్క మాత్రం బాగుపడింది. ఇలాంటి చోట అడగాల్సింది మరణాల రేటు తగ్గిందా అని.

4.4 పి-విలువ

నిజంగా ఏ తేడా లేకపోయినా, ఇంత తేడా గానీ ఇంతకన్నా ఎక్కువ తేడా గానీ కాకతాళీయంగా కనిపించే అవకాశం ఎంతో అది చెబుతుంది. 0.05 వచ్చిందంటే "ఫలితం నిజమయ్యే అవకాశం 95 శాతం" అని రాయడం తప్పు. అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ 2016లో ప్రత్యేకంగా ప్రకటన ఇచ్చి మరీ ఇలాంటి అపార్థాలను ఖండించింది. వార్తలో పి-విలువ రాయకపోయినా నష్టం లేదు. తేడా ఎంత పెద్దదో, కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ ఎంత వెడల్పుగా ఉందో చూసి "అంచనా ఇంత నుంచి ఇంత దాకా ఉండొచ్చు" అని రాయండి.

## 5. బయటి శాస్త్రవేత్తను అడగడం

పేపర్ రాసినవాళ్ళతో మాత్రమే మాట్లాడి వార్త రాయకండి. ఆ పనిలో భాగం లేని కనీసం ఒకరి మాట ఉండాలి. పెద్ద వాదన అయితే ఇద్దరు, ముగ్గురు.

ఎవరిని అడగాలో పేపర్‌లోనే దొరుకుతుంది. రిఫరెన్సుల జాబితాలో ఎక్కువసార్లు కనిపించే పేర్లు చూడండి. వాళ్ళలో ఇటీవలి సంవత్సరాల్లో ఈ రచయితలతో కలిసి పేపర్లు వేసినవాళ్ళను తీసేయండి. ఒక స్టాటిస్టిషియన్‌తో పరిచయం పెంచుకోండి, ఏ బీట్‌లోనైనా పనికొస్తుంది.

ఈమెయిల్ చిన్నగా ఉండాలి. ఇలా:

> నమస్కారం డాక్టర్ ___ గారూ,
> నేను ___ పత్రికకు సైన్స్ వార్తలు రాస్తాను. ___ పేపర్ మీద రాస్తున్నాను. రచయితలతో సంబంధం లేని నిపుణుల అభిప్రాయం కావాలి. రెండు ప్రశ్నలు: ఈ శాంపిల్‌తో, ఈ పద్ధతితో ఈ నిర్ధారణకు రావచ్చా? ఇంతకుముందు వచ్చిన ఫలితాలతో ఇది పొసుగుతుందా? గురువారం సాయంత్రం లోపు పదిహేను నిమిషాలు మాట్లాడగలరా? ఈమెయిల్‌లో రాసినా చాలు.

ఒకేసారి నలుగురైదుగురికి పంపండి. ఇద్దరు జవాబిస్తే మంచి రోజే. జవాబు రాలేదని టెన్షన్ పడకుండా మర్నాడు ఒక్కసారి గుర్తుచేసి, తర్వాతి పేరుకు వెళ్ళండి.

ఇక్కడ ఎక్కువమంది పడే గొయ్యి తప్పుడు సమతూకం. భూమి వేడెక్కడానికి మనుషుల పనులే కారణమని వేల పేపర్ల సాక్ష్యం ఉన్నప్పుడు, కాదనే ఒకాయనను తెచ్చి సమానంగా నిలబెడితే పాఠకుడికి అబద్ధం చెప్పినట్టే. అభిప్రాయాలకు ఇచ్చే చోటు సాక్ష్యాన్ని బట్టి ఉండాలి. శాస్త్రవేత్తలు నిజంగానే రెండుగా చీలిన విషయమైతే ఆ చీలికనే వార్తగా రాయండి.

## 6. ఇంటర్వ్యూ

పేపర్ చదవకుండా ఫోన్ చేయకండి. "మీ పరిశోధన గురించి చెప్పండి" అని మొదలుపెడితే మీకు దక్కేది ప్రెస్ రిలీజే.

మాట్లాడే ముందే తేల్చుకోవాల్సినవి:

- రికార్డు చేయడానికి అనుమతి
- పేరుతో రాయొచ్చా, లేదా. చెప్పేశాక "ఇది రాయకండి" అంటే ఏం చేయాలో ముందే మీ ఎడిటర్‌తో మాట్లాడుకోండి.
- వార్త అచ్చుకు ముందు చూపిస్తారా అని చాలామంది అడుగుతారు. పూర్తి కాపీ పంపకపోవడం ఎక్కువ పత్రికల పద్ధతి. సాంకేతిక వివరాలున్న వాక్యాలను చదివి వినిపించి, అంకెలు సరిచూసుకుంటామని చెప్పొచ్చు.

నాకు అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడే ప్రశ్న ఇది: "ఏం కనిపిస్తే మీరు పొరబడ్డారని ఒప్పుకుంటారు?" మంచి శాస్త్రవేత్తకు జవాబు సిద్ధంగా ఉంటుంది, వార్తకు కావాల్సిన నిజాయితీ ఆ జవాబులోనే దొరుకుతుంది. దాని తర్వాత "తర్వాతి ప్రయోగం ఏమిటి?", "మీరు ఆశపడి దొరకనిది ఏమిటి?" అడగండి. అర్థం కాని మాట వస్తే అక్కడికక్కడే ఆపి, ఇంకోలా చెప్పమనండి. మొహమాటపడితే ఆ అర్థం కాని మాటే పత్రికలోకి వస్తుంది.

## 7. రాయడం

7.1 వరుస. ఏం తేలింది, అది ఎవరికి ఎందుకు ముఖ్యం, ఎలా తెలిసింది, బయటివాళ్ళు ఏమంటున్నారు, ఇంకా ఏం తెలియదు. ఎలుకల మీద చేసిన పని అయితే "ఎలుకల్లో" అన్న మాట హెడ్డింగ్‌లో గానీ మొదటి వాక్యంలో గానీ ఉండాలి. ఎనిమిదో పేరాలో చెబితే చెప్పనట్టే.

7.2 క్రియల బలం. బలం తక్కువ నుంచి ఎక్కువకు:

- "సంబంధం కనిపించింది": గమనించి చేసిన అధ్యయనానికి
- "సూచిస్తోంది": చిన్న ట్రయల్‌కు, మొదటి ఫలితానికి
- "తగ్గించింది", "పెంచింది": పెద్ద రాండమైజ్డ్ ట్రయల్‌కు
- "కారణం": ఎన్నో రకాల సాక్ష్యాలు ఒకే వైపు చూపినప్పుడు

"నిరూపించారు" అన్న మాటను గణితానికి వదిలేయండి. "వల్ల" అన్న మాట మీద ప్రత్యేకంగా కన్నేయండి, మనకు తెలియకుండానే కారణాన్ని వాక్యంలోకి తెచ్చేస్తుంది.

7.3 సాంకేతిక పదాలు. ఒక వార్తలో రెండు మూడు కొత్త పదాలకన్నా పాఠకుడు మోయలేడు. పదం ఒక్కసారే వస్తుంటే దాన్ని తీసేసి అది చేసే పని చెప్పండి. పదేపదే వస్తుంటే మొదటిసారి వివరించి, తర్వాత అదే పదం వాడండి.

7.4 హెడ్డింగ్. డెస్క్ వాళ్ళు పెడతారని వదిలేయకండి. వార్తతో పాటు మీరే రెండు హెడ్డింగులు రాసి పంపండి, చూసి దిద్దుకోవడానికి వాళ్ళకు ఆధారం ఉంటుంది. "అద్భుతం", "క్యాన్సర్‌కు మందు దొరికింది" లాంటివి కనిపిస్తే వెంటనే ఎడిటర్‌కు ఫోన్ చేయండి. ఆ హెడ్డింగ్ చదివేవాళ్ళలో నిజంగా రోగులుంటారు, వాళ్ళ ఇంట్లోవాళ్ళుంటారు.

## 8. పంపే ముందు సరిచూసుకోవడం

వార్తను ప్రింటు తీసుకుని, ప్రతి వాస్తవం కింద గీత గీసి, పక్కన అది ఎక్కడి నుంచి వచ్చిందో రాయండి. గీత పక్కన ఏమీ రాయలేకపోతే ఆ వాక్యం పోవాల్సిందే.

- పేర్లు, హోదాలు, సంస్థలు వాళ్ళ అధికారిక పేజీలతో సరిచూశానా?
- ప్రతి అంకె పేపర్‌లో ఏ పేజీలో ఉందో చూపగలనా? మిలియన్లను లక్షల్లోకి మార్చినప్పుడు సున్నాలు సరిపోయాయా?
- ఎవరి మీద, ఎంతమంది మీద చేశారో చెప్పానా?
- అసలు రిస్క్ ఇచ్చానా?
- నిధులు, ప్రయోజనాలు రాశానా?
- సంబంధం లేని శాస్త్రవేత్త మాట ఉందా?
- రిట్రాక్షన్ వాచ్‌లో, పబ్‌పీర్‌లో వెతికానా?
- హెడ్డింగ్ వార్తను మించి మాట్లాడుతోందా?

పైపై తనిఖీ కూడా ఎంత దూరం తీసుకెళుతుందో 2020లో చూశాం. కోవిడ్ రోగులకు హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే మందు ప్రమాదకరమని, సర్జిస్ఫియర్ అనే సంస్థ డేటాతో, సుమారు 96,000 మంది రోగుల పేరుతో మే 22న లాన్సెట్‌లో పేపర్ వచ్చింది. ఏప్రిల్ 21 నాటికి ఆస్ట్రేలియా ఆసుపత్రుల్లో 73 మంది చనిపోయారని అందులో ఉంది. ఆ తేదీకి దేశం మొత్తంలో నమోదైన మరణాలే 67. గార్డియన్ పత్రిక విలేకరులు ఆ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి ప్రశ్నలు అడిగారు. శాస్త్రవేత్తలు కూడా గట్టిగా నిలదీశారు. జూన్ 4న పేపర్ వెనక్కి పోయింది.

## 9. అచ్చయ్యాక

తప్పు దొరికితే అదే రోజు దిద్దండి. ఆన్‌లైన్ వార్తలో చప్పుడు చేయకుండా మార్చేయకుండా, ఏది తప్పో, ఏది సరైనదో, ఎప్పుడు మార్చారో కింద రాయండి.

మీరు వార్తలు రాసిన పేపర్ల జాబితా ఉంచుకుని, మూడు నాలుగు నెలలకోసారి అవి వెనక్కి పోయాయేమో చూడండి. పోయి ఉంటే పాత వార్త పైన ఆ మాట చేర్చి, కొత్త వార్త కూడా రాయండి. పాత లింకులు ఏళ్ళ తరబడి చేతులు మారుతూనే ఉంటాయి.

## 10. పని దొరకడం, నిలదొక్కుకోవడం

10.1 నమూనాలు. ఎవరూ అడగకముందే మూడు వార్తలు రాసి పెట్టుకోండి: ఒక కొత్త పేపర్ మీద, ఒక వివరణ కథనం, ఒక మనిషి చుట్టూ నడిచే కథనం. మూడింటిలోనూ పైన చెప్పిన తనిఖీ అంతా ఉండాలి.

10.2 పిచ్ (ఎడిటర్‌కు పంపే స్టోరీ ప్రతిపాదన). ఎడిటర్‌కు టాపిక్ పంపితే జవాబు రాదు, స్టోరీ పంపాలి. "గబ్బిలాల మీద రాస్తాను" అన్నది టాపిక్. "గబ్బిలాలు తమ ఒంట్లో ఉన్న వైరస్‌లతో జబ్బు పడకుండా ఎలా ఉంటాయో వెతుకుతున్న ఒక ప్రయోగశాలలో ఇప్పుడు ఏం జరుగుతోంది" అన్నది స్టోరీకి దగ్గర. పిచ్ రెండు మూడు పేరాలు దాటకూడదు. ఏం జరిగింది, ఇప్పుడే ఎందుకు, ఎవరితో మాట్లాడతారు, ఎన్ని పదాలు, మీరే ఎందుకు రాయాలి అన్నవి ఉంటే చాలు. ఓపెన్ నోట్‌బుక్ అనే సంస్థ 2010 నుంచి సైన్స్ జర్నలిస్టుల కోసమే పనిచేస్తోంది. పెద్ద పత్రికలు ఒప్పుకున్న పిచ్‌లను యథాతథంగా అక్కడ చదవొచ్చు.

10.3 సంఘాలు, ఫెలోషిప్‌లు. వరల్డ్ ఫెడరేషన్ ఆఫ్ సైన్స్ జర్నలిస్ట్స్ వివిధ దేశాల సంఘాలను కలిపే సంస్థ. మీ దేశంలో సభ్య సంఘం ఉందేమో చూడండి. కొన్నేళ్ళ అనుభవం వచ్చాక ఎంఐటీలోని నైట్ సైన్స్ జర్నలిజం ఫెలోషిప్ లాంటివాటికి దరఖాస్తు చేయొచ్చు.

10.4 రెండు పడవలు. ఫ్రీలాన్సర్లలో చాలామంది విశ్వవిద్యాలయాలకు, కంపెనీలకు కూడా రాసి ఇస్తారు. బతుకుతెరువుకు అది తప్పు కాదు. కానీ ఏ సంస్థ దగ్గర డబ్బు తీసుకున్నారో ఆ సంస్థ పరిశోధన మీద వార్త రాయకండి. ఎడిటర్ అడగకముందే ఆ సంగతి చెప్పండి.

10.5 దాడులు. టీకాలు, వాతావరణం, జన్యుమార్పిడి లాంటివి రాసినప్పుడు తిట్లు, బెదిరింపులు వస్తాయి. స్క్రీన్‌షాట్లు దాచండి, ఎడిటర్‌కు మొదటి రోజే చెప్పండి, ఇంటి చిరునామా ఆన్‌లైన్‌లో కనిపించకుండా చూసుకోండి. విమర్శలో వాస్తవం గురించిన ప్రశ్న ఉంటే దానికి మాత్రం జవాబివ్వండి.

10.6 ఒప్పందం. రాయడం మొదలుపెట్టకముందే ఇవి ఈమెయిల్‌లో ఖాయం చేసుకోండి:

- ఎన్ని పదాలు, ఎంత పారితోషికం, ఎప్పుడు ఇస్తారు
- స్టోరీ తీసుకుని వేయకపోతే ఎంత ఇస్తారు
- ప్రయాణ ఖర్చులు ఎవరివి
- హక్కులు ఎవరికి, ఇంకో భాషలో మీరు మళ్ళీ వేసుకోవచ్చా
- హెడ్డింగ్, మార్పులు అచ్చుకు ముందు మీకు చూపిస్తారా
- ఎవరైనా కోర్టుకు వెళితే పత్రిక మీ వెనక నిలబడుతుందా

చివరి రెండిటినీ కొత్తవాళ్ళు అడగడానికి జంకుతారు. అడగండి. మంచి ఎడిటర్ ఎవరూ దానికి కోప్పడరు.